శనివారానికి కావాలి

సెతూబల్ రేవులో, చేపల డబ్బాల కార్ఖానా వెనక
మూడు మెట్లు దిగితే నా కొట్టు.
కిటికీ వీధి మట్టానికి ఉంటుంది.
ఊళ్లో మనుషుల్ని నేను మోకాళ్ల కిందనించే ఎరుగుదును.

పంతొమ్మిది వందల పది, మే నెల, సోమవారం
ఎవారిష్తు గారి బూట్లు మెట్లు దిగాయి.
మడమలు రెండూ వెనక్కి అరిగి ఉన్నాయి.
పైకి చూస్తూ నిలబడేవాళ్లకి అలాగే అరుగుతాయి.

ఆ పొద్దునే ఆయన బజారులో ఉప్పుపీపా ఎక్కి చెప్పాడు:
బుధవారం రాత్రి తోకచుక్క వచ్చి భూమిని గుద్దుతుందని,
గుద్దకపోతే దాని తోకలో విషగాలి ఉందని,
రెంటిలో ఒకటి ఖాయమని.
విషగాలికి తన దగ్గర మాత్రలున్నాయి.
రొక్కానికే. అరువు లేదు.

"కొత్త అడుగులు వెయ్యి, బెల్మీరు," అన్నాడు నాతో.
"మంచి తోలు చూడు. వచ్చే చలికాలం వానలకి ఆగాలి."
"ఎప్పటికి?"
"శనివారానికి కావాలి."

మనసులో లెక్కపెట్టుకున్నాను.
బుధ. గురు. శుక్ర.
అడుగుదామంటే పళ్ల మధ్య నాలుగు మేకులున్నాయి.
మేకులు తీసేసరికి ఆయన మెట్లెక్కిపోయాడు,
ఎవరివో అరువు చెక్కచెప్పులు టకటకమనిపిస్తూ.

ఆ మాట వీధిలోకి వెళ్లి చెప్పాల్సింది.
చెప్పలేదు.
మంగళవారం జనం దారానికి రాసే మైనం కోసం వచ్చారు,
తాళాల కన్నాలు మూసుకోవడానికి.
పదకొండు ముద్దలు అమ్మాను.
నేనూ రొక్కానికే.

మేడమీద దియొలిండా, కార్ఖానాలో చేపల తలలు కోసే మనిషి,
బుధవారం మధ్యాహ్నం తన మచ్చలపెట్టని కోసింది.
రోజుకో గుడ్డు పెట్టే పెట్ట.
"రేపే లేనప్పుడు గుడ్డెవరికి?" అంది.
వెల్లుల్లి వేసి వండి, నాకో కాలు తెచ్చిచ్చింది.
తిన్నాను. బాగుంది. అబద్ధమెందుకు?

రాత్రి ఊరంతా డాబాల మీద.
ఒకావిడ మొగుడి పాత తప్పులన్నీ క్షమించింది,
తెల్లారాక వెనక్కి తీసుకుంది.
నేను కొట్లోనే ఉండి ఆరెకి పదును పెట్టుకున్నాను.
నా తాళంకన్నానికి మైనం పెట్టలేదు.
అయితే ఒకసారి వంగి చూశాను,
కన్నం ఎంతుందా అని.

ఐదున్నరకి కార్ఖానా కూత వేసింది.
ఆలస్యంగా వస్తే సగం కూలి కోత.
తోకచుక్కకని మినహాయింపేమీ లేదు.
దియొలిండా పరుగున దిగుతూ
అలవాటు కొద్దీ గూట్లో చెయ్యిపెట్టింది.
తీసింది.
ఆ చేతిని ఒక క్షణం చూసుకుని
కొంగుకి తుడుచుకుంది, అంటిందేమీ లేకపోయినా.

శుక్రవారం సాయంత్రం
పడమటి కొండ మీద కనబడింది తోకచుక్క,
సూదిలోకి ఎక్కించే ముందు
పెదాలతో తడిపిన దారం కొసలా.
చూసేవాళ్లెవరూ లేరు.
అది ఎవరినీ బెదిరించినట్టు లేదు.
దాని దారిన అది పోతోంది.

శనివారం ఎవారిష్తు గారొచ్చారు.
"లెక్కలో చిన్న తేడా," అన్నారు, నేను అడక్కుండానే.
"ఆకాశం పెద్దది కదా. ఈసారి..."
చెక్కచెప్పులు విప్పి, పాదం ముందుకు చాపారు.
నేను బూట్లు ఒళ్లోనే ఉంచుకుని
చీటీ ఇచ్చాను.

అడుగు తోలు, జత.
దారం, మేకులు.
పెట్ట, సగం.

"పెట్టేమిటి?"
"గుడ్లు పెట్టేది."
"సగమేమిటి?"
"మిగతా సగం నాది. మైనం అమ్మాను. కాలు తిన్నాను."

ఆయన మేజోడు చూసుకున్నారు.
బొటనవేలి దగ్గర చిల్లు.
నా ఒళ్లో బూట్లు చూశారు,
మూడు చలికాలాలు ఆగే తోలు.
బయట చినుకు మొదలైంది.
మెల్లగా జేబులో చెయ్యిపెట్టారు.